తప్పు ఎటు వాలింది?

"పేపర్లో పడింది" అంటే మన తండాల్లో, ఎరుకల వాడల్లో, యానాది కాలనీల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ ఆ మాట మీద గురి ఉంది. అచ్చులో చూసినది అబద్ధం కాదని వాళ్ల నమ్మకం. చదువుకున్న పిల్లల దగ్గరికి వస్తే కథ తిరగబడింది. "పేపర్లన్నీ అమ్ముడుపోయినాయి సార్, ఏదీ నమ్మేదానికి లేదు" అంటారు. అంటూనే ఫోన్లో ఎవరో పంపిన ముక్కను అర నిమిషంలో నమ్మేసి ఇంకో పదిమందికి పంపిస్తారు. పెద్దవాళ్ల నమ్మకానికీ, పిల్లల అపనమ్మకానికీ ఒక పోలిక ఉంది. రెండూ చదివే కష్టాన్ని తప్పిస్తాయి.

నేను ఎరుకల కులంలో పుట్టినవాణ్ని. కార్వేటినగరం డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి ఇరవై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నాను. పత్రికారంగం మీద నాకు పట్టా ఏమీ లేదు. రోజూ రెండు పేపర్లు చదివే అలవాటు మాత్రం ఉంది, ఆ రెండూ ఒకరినొకరు తిట్టుకునే పేపర్లే. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదవగా చదవగా కొన్ని ప్రశ్నలు మిగిలాయి. తప్పు రాసినవాడూ అబద్ధం రాసినవాడూ ఒకటేనా? ఒక పక్షం వైపు నిలబడి రాస్తే అదంతా చెడ్డేనా? అసలు రాయకుండా వదిలేసినవాడి సంగతేమిటి? తోటి టీచర్లూ, తమ్ముళ్లూ చెల్లెళ్లూ నాతో కలిసి ఆలోచిస్తారని ఇది రాస్తున్నాను.

మన ప్రాంతపు సంగతితోనే మొదలుపెడదాం. 2023 ఆగస్టు 4న, అప్పుడు ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న చంద్రబాబు నాయుడు సాగునీటి ప్రాజెక్టుల పేరుతో చేస్తున్న పర్యటన మన వైపు వచ్చింది. మదనపల్లె పక్కన అంగళ్లు దగ్గర రెండు పార్టీల వాళ్ల మధ్య రాళ్లు లేచాయి. ఆ తర్వాత పుంగనూరు బైపాస్ దగ్గర పోలీసులతో గొడవ జరిగింది. పోలీసులు చాలామంది గాయపడ్డారు, పోలీసు వాహనాలు కాలిపోయాయి, ఒక కానిస్టేబుల్ కంటిచూపు పోయింది. వందల మంది మీద కేసులు పడ్డాయి. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

తేడా అంతా కథను ఎక్కడ మొదలుపెట్టారన్న దాంట్లో వచ్చింది. పుంగనూరులో కాలుతున్న వాహనం దగ్గర మొదలుపెడితే తెలుగుదేశం వాళ్లు పోలీసుల మీద పడిన గుంపు. అంగళ్లులో ఎగిరిన మొదటి రాయి దగ్గర మొదలుపెడితే వాళ్లే దాడికి గురైనవాళ్లు. అధికార పార్టీ వైపు మీడియా ఒక చోట మొదలుపెట్టింది, ప్రతిపక్షం వైపు మీడియా ఇంకో చోట మొదలుపెట్టింది. రెండింటిలోనూ వాక్యం వాక్యం విడదీసి చూస్తే పచ్చి అబద్ధం అని వేలుపెట్టి చూపించడం కష్టం. వరస మార్చితే చాలు, దోషి మారిపోతాడు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అంగళ్లు అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు చిత్తూరు జిల్లాలో మిగిలింది. ఒకే రోజు జరిగిన ఒకే గొడవ జిల్లా పేజీల్లో రెండు ముక్కలైంది. దీన్ని ఎవరూ కావాలని చేయలేదు. కానీ పాఠకుడికి చేతికొచ్చేది ముక్కే.

కుప్పం నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువలోకి 2024 ఫిబ్రవరి 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రామకుప్పం మండలంలో నీళ్లు వదిలారు. 2025 ఆగస్టు 30న ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చారు. ఒక పేపరుకు మొదటిది చరిత్ర, రెండోది నకలు. ఇంకో పేపరుకు మొదటిది నాటకం, రెండోది చరిత్ర. కృష్ణా నీళ్లు మా కుప్పానికి రెండుసార్లు మొదటిసారి వచ్చాయని ఒక మిత్రుడు నవ్వుతూ అంటుంటాడు. ఆ కాలువ కింద సుగాలి తండాల డీకేటీ భూములు ఎన్ని ఎకరాలు తడుస్తాయి అన్న ప్రశ్న మాత్రం నేను చదివిన పేజీల్లో ఏ వైపూ కనబడలేదు.

ఇక తప్పు గురించి. తప్పు వేరు, పక్షపాతం వేరు అని మనం సులభంగా అనేస్తాం. మదనపల్లెలో ఉన్నవాళ్లకు దీని మీద ఆలోచించడానికి ఊళ్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. అక్కడే జనగణమన పాటను ఇంగ్లీషులోకి తిప్పారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను రాసి పెట్టారు. ఇది మన పిల్లలకు క్విజ్ పోటీల్లో వచ్చే ప్రశ్న. అదే పాట మీద దానికి ఏడేళ్ల ముందు పేపర్లు చేసిన తప్పు మాత్రం క్విజ్‌లో రాదు.

1911 డిసెంబరులో ఐదో జార్జి చక్రవర్తి ఇండియాకు వచ్చాడు. డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో ఠాగూర్ పాట పాడారు. అదే రోజు అదే సభలో చక్రవర్తికి స్వాగతం చెబుతూ తీర్మానం చేశారు, చక్రవర్తిని పొగుడుతూ వేరే కవి రాసిన ఒక హిందీ పాటా పాడారు. ఇంగ్లీషు దొరల యాజమాన్యంలోని పేపర్లు ఈ రెండు పాటలను కలిపేశాయి. బెంగాలీ కవి ఠాగూర్ చక్రవర్తి కోసం రాసిన స్వాగత గీతం పాడారని రాసేశాయి. భారతీయుల పేపర్లు రెండు పాటలనూ వేరు చేసి సరిగానే రాశాయి. తాను ఏ రాజు కోసమూ రాయలేదని 1937లో ఠాగూర్ ఒక ఉత్తరంలో చెప్పుకోవాల్సి వచ్చింది. 1950 జనవరి 24న అది జాతీయగీతం అయింది. ఇప్పటికీ ఏటా ఆగస్టు 15 దగ్గర పడేసరికి ఆ పాత తప్పు ఫోన్లలో కొత్తగా తిరుగుతుంది.

ఆ రిపోర్టరుకు ఠాగూర్ మీద పగ ఉందని ఎవరూ అనలేరు. అతనికి బెంగాలీ రాకపోవచ్చు, హిందీ రాకపోవచ్చు. ఏం పాడుతున్నారో అర్థంకాక ఊహించి రాసి ఉంటాడు. తప్పే. కానీ ఆ ఊహ ఎటు పోయింది? చక్రవర్తిని పొగడటం వైపు పోయింది. ఆ పేపరు పాఠకులు ఏం వినాలనుకుంటున్నారో అటే పోయింది. చక్రవర్తి స్వాగత గీతాన్ని పొరపాటున దేశభక్తి గీతంగా రాసే తప్పు కూడా సమానంగా జరగవచ్చు కదా. అది జరగలేదు. పక్షపాతం అంటే గుండెలో దాచుకున్న విషం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది తెలియనిచోట మనసు పడే అడ్డదారి మాత్రమే. తెలిసినచోట మనిషి తెలిసింది రాస్తాడు. తెలియనిచోట తనకు అలవాటైనది రాస్తాడు.

దీన్ని మనవాళ్లకు చెప్పడానికి నేను చింతపండు తూకం చెబుతాను. చెట్టు దులిపి, గింజ తీసి, గంపలో పెట్టుకుని పుంగనూరుకు తీసుకుపోయిన ఆడవాళ్లకు కాటా గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఒకసారి పావుకిలో తక్కువ చూపిస్తే పొరపాటు అనుకోవచ్చు. నిజంగా పొరపాటు చేసే కాటా అయితే ఒకరోజు తక్కువ చూపిస్తుంది, ఇంకోరోజు ఎక్కువ చూపిస్తుంది. పది సంతల్లో పదిసార్లూ సావుకారి వైపే తగ్గితే దానికి పొరపాటు అని పేరు పెట్టం. సావుకారి మనసులోకి తొంగి చూడాల్సిన పని కూడా లేదు. ఆయన మంచివాడే కావచ్చు, కాటా తుప్పు పట్టి ఉండవచ్చు. అయినా నష్టం మనకే. వార్తను కూడా అట్లే చూడమంటాను. ఒక్క తప్పు పట్టుకుని ఈ పేపరు దొంగది అనొద్దు. పది తప్పులు వరసగా పెట్టి అవి ఎటు వాలుతున్నాయో చూడండి.

ఇక్కడ కొందరు టీచర్లు ఒక మాట అంటారు. పేపరు ఏ పక్షమూ ఉండకూడదు, అద్దంలాగా ఉండాలి అని. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. విశాలాంధ్ర 1952 నుంచీ కమ్యూనిస్టుల పేపరు, ఇప్పుడు సీపీఐది. ప్రజాశక్తి సీపీఎంది. ఆ సంగతి వాళ్లు దాచుకోరు. కొనేవాడు తెలిసే కొంటాడు. ఆ పేపర్లు కూలీల సమ్మె మీద రాసినప్పుడు వాళ్లు ఎవరి వైపో తెలుసు కాబట్టి, ఎంత తీసేసి ఎంత ఉంచుకోవాలో పాఠకుడు లెక్క వేసుకుంటాడు. తూకంలో గంప బరువు తీసేసినట్టు. పక్షం ఉండటం పాపం కాదని నా అభిప్రాయం. మనం రాసే ఈ పుస్తకానికి మాత్రం పక్షం లేదా?

గంప బరువు చెప్పకుండా తూచడంలోనే చిక్కుంది. ఈనాడు 1974లో విశాఖపట్నంలో రామోజీరావు మొదలుపెట్టిన పేపరు. 1982, 83లో ఎన్.టి. రామారావు పార్టీ పుట్టి గెలిచిన రోజుల్లో అది ఎటు నిలబడిందో తెలుగునాట అందరికీ గుర్తే. సాక్షి 2008 మార్చిలో వచ్చింది, జగన్‌మోహన్ రెడ్డి కుటుంబానిది. ఆంధ్రజ్యోతి ఎవరి మీద గట్టిగా రాస్తుందో, ఎవరి మీద మెత్తగా రాస్తుందో చదివేవాళ్లకు తెలుసు. కానీ మూడూ తమను తాము ప్రజల గొంతు అని చెప్పుకుంటాయి. పెద్ద ఊళ్లో మనిషికి ఇది తెలిసిన రహస్యం. చదువు ఇప్పుడే గడప దాటి వచ్చిన మన ఇళ్లలో తెలియదు.

ప్రభుత్వాలకు కూడా ఇందులో చేయి ఉంది. 2022లో అప్పటి ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ముఖ్యమంత్రి కుటుంబపు పేపరు అమ్మకానికే ఇది అని ఈనాడు యాజమాన్యం కోర్టుకు పోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి అక్కణ్నుంచి ఢిల్లీ హైకోర్టుకు మారింది. ప్రజల డబ్బుతో ఏ పేపరు కొనాలన్నది పెద్ద తగాదా అయింది. ఆ ప్రభుత్వానికి ముందూ తర్వాతా ప్రకటనల డబ్బు ఎటు పారిందని అడిగితే ఎవరి లెక్క వాళ్లకుంది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం అచ్చేసిన సంగతి మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి పేర్లతో సహా రాసిన ఆ నివేదికను ప్రెస్ కౌన్సిలే మొదట పూర్తిగా బయట పెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ చెబితే 2011లో బయటికి వచ్చింది.

మండల విలేకరిని తిట్టి లాభం లేదని కూడా చెప్పాలి. వాళ్లలో ఎక్కువమందికి జీతం ఉండదు. రాసిన దానికి వచ్చేది బండి పెట్రోలుకు చాలదు. పైగా పండగకూ, నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చిపెట్టమని ఒత్తిడి. ప్రకటన ఇచ్చే మనిషి మీద మరునాడు వార్త రాయమంటే అతను ఎట్లా రాస్తాడు? అతను రాసి పంపింది కూడా డెస్కులో మారిపోతుంది, హెడ్డింగు అతని చేతిలో ఉండదు. తండాకు వచ్చి మంచం మీద కూర్చుని టీ తాగి, అరగంట విని, రాసుకుపోయిన విలేకరి మరుసటి రోజు పేపరు చూసి మనకంటే ముందు తానే తలదించుకోవడం నేను చూశాను.

ఇంతవరకూ చెప్పింది రెండు పేపర్లు కొట్లాడుకునే చోటు గురించి. నిజానికి అక్కడ మనకు కాస్త గాలి ఆడుతుంది. ఒకటి దాచింది రెండోది చెబుతుంది. ఓపిక ఉన్నవాడు రెండూ కలిపి చదివితే ఏం జరిగి ఉంటుందో సుమారుగా తెలుస్తుంది. అసలు భయం రెండూ ఒకే మాట చెప్పే చోట ఉంది. ఏ పార్టీకీ లాభనష్టం లేని మనిషి గురించి రాసేటప్పుడు ఎవరూ ఎవరినీ సరిదిద్దరు.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శేషాచలం అడవిలో, చంద్రగిరి మండలం శ్రీవారిమెట్టు వైపు, ఎర్రచందనం నిరోధక టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లు. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో పలువురు జవ్వాది కొండల ప్రాంతపు మలయాళీ గిరిజనులు. పేరు చూసి కేరళవాళ్లు అనుకోకండి. మల అంటే కొండ, మలయాళీ అంటే కొండమనిషి. తమిళనాడులో వాళ్లు షెడ్యూల్డు తెగ. మన కుప్పం నుంచి సరిహద్దు దాటి వాణియంబాడి, తిరుపత్తూరు మీదుగా పోతే ఆ కొండలే వస్తాయి. అంటే మనకు దూరపువాళ్లు కూడా కారు.

వందల మంది రాళ్లతో, గొడ్డళ్లతో దాడిచేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. టీవీల్లో, మరునాటి తెలుగు పేపర్లలో ఆ మాటే ప్రధానంగా వచ్చింది. చనిపోయినవాళ్ల పేర్లు తెలియకముందే వాళ్లకు ఒక పేరు వచ్చేసింది: స్మగ్లర్లు. కొన్నిచోట్ల ఎర్రకూలీలు. సరిహద్దుకు అవతల తమిళ పత్రికల్లో అదే మనుషులు పొట్టకూటికి పోయిన కూలీలు. ఒకే శవానికి సరిహద్దు ఇవతల ఒక పేరు, అవతల ఒక పేరు. శవాల పక్కన పడి ఉన్న దుంగల మీద పాత రంగు, అంకెలు ఎందుకున్నాయని ఫోటోలు చూసినవాళ్లు అడిగారు. కొందరిని ముందురోజే బస్సులోంచి దించి తీసుకుపోయారని, తాము తప్పించుకున్నామని చెప్పిన మనుషులు జాతీయ మానవ హక్కుల సంఘం ముందుకు వచ్చారు. ఆ సంఘం తనంతట తానే కేసు చేపట్టింది. ఈ అనుమానాలు తర్వాతి రోజుల్లో తెలుగు పేపర్లలో కూడా వచ్చాయి, రాలేదనడం అన్యాయం. కానీ మొదటిరోజు పడిన పేరు పోలేదు. ఇప్పటికీ మన వైపు ఆ సంగతి ఎత్తితే "స్మగ్లర్ల ఎన్‌కౌంటరే కదా" అంటారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2013 డిసెంబరులో అదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. వాళ్లకూ పెళ్లాం పిల్లలు ఉన్నారు. చెట్లు కొట్టడం నేరం. శేషాచలం కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది, పోతే మళ్లీ రాదు. ఇవన్నీ నిజమే. అయినా చెట్టు కొట్టడానికి కూలికి వచ్చినవాడికీ, దుంగను ఓడరేవు దాటించి కోట్లు సంపాదించేవాడికీ ఒకే మాట వాడితే అది వార్త అవుతుందా? స్మగ్లర్ అన్న మాటలో తీర్పు ముందే ఉంది. ఆ మాట వాడిన తర్వాత విచారణకు మిగిలేది ఏముంటుంది?

ఆ రోజు తెలుగు పార్టీల మధ్య ఈ సంగతి మీద అంగళ్లు లాంటి యుద్ధం ఎందుకు జరగలేదు అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ 20 మందికి ఇక్కడ ఓటు లేదు. వాళ్ల భాష ఇక్కడ చదివేవాళ్లు తక్కువ. ఏ పేపరుకూ వాళ్లు చందాదారులు కారు.

"పోలీసులు చెప్పిందే కదా మేం రాసింది, సొంతంగా ఏం కల్పించాం?" అని ఒక విలేకరి నాతో వాదించాడు. ఈ వాదనను తేలిగ్గా తీసెయ్యలేం. తెల్లవారుజామున అడవిలో జరిగినదానికి విలేకరి సాక్షి కాదు. ఎవరో ఒకరు చెప్పిందే రాయాలి. అయితే "పోలీసుల కథనం ప్రకారం" అనే మూడు మాటలు రాయడానికి ఎంత సిరా అవుతుంది? ఆ మూడు మాటలు ఉంటే అది ఒకరు చెప్పిన మాట. లేకపోతే జరిగిన సంగతి. ముఖ్యమంత్రి చెప్పినదాన్ని ప్రతిపక్షం పేపరు "అని చెప్పుకొచ్చారు" అని దెప్పుతూ రాస్తుంది. ప్రతిపక్షం మాటను అధికారపక్షం పేపరు "అని ఆరోపించారు" అంటుంది. పెద్దవాళ్ల మధ్య తగువు అయితే అన్నారు, ఆరోపించారు, చెప్పుకొచ్చారు, ఖండించారు అని ఎన్ని రకాల క్రియలో! పేదవాడిని పట్టుకున్న రోజు మాత్రం ఆ క్రియలన్నీ ఎక్కడికో పోతాయి. అతను "దొంగతనానికి పాల్పడ్డాడు". అంతే, కోర్టు లేదు, పోలీసుల కథనమూ లేదు.

ఇది మా కులానికి బాగా తెలుసు. ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య వ్యాపారం చేసినవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ అదుపు వచ్చి ఆ బతుకు పోయింది. తిరిగే మనిషి అనుమానపు మనిషి అయ్యాడు. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది గానీ పేపరు భాషలో రద్దు కాలేదు. స్టువర్టుపురం అన్న ఊరిపేరును విశేషణంగా వాడి దొంగతనం వార్త రాసే అలవాటు మా నాయన కాలంలో ఉంది, నా కాలంలోనూ చూశాను. కొన్నేళ్ల కింద మా మండలంలో జరిగిన ఒక దొంగతనం వార్తలో పట్టుబడిన ఇద్దరిలో ఒకడి కులం మాత్రమే రాశారు, ఎరుకల అని. రెండోవాడి కులం రాయలేదు. నేరంలో ఇద్దరూ సమానమే అయితే కులంలో ఎందుకు కారు? ఆ రోజు మా బడిలో ఎరుకల పిల్లలు ముగ్గురు ఉన్నారు. తరగతిలో పెన్ను పోతే మొదట ఎవరి సంచీ వెతుకుతారో మీకు చెప్పక్కర్లేదు. కారణం లేకుండా కులం ఎత్తవద్దని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో రాసి ఉంది. ఆ కౌన్సిల్ మందలించగలదు, శిక్షించలేదు.

ఎరుక అంటే తెలివిడి అని అర్థం. తెలుసుకుని చెప్పేవాళ్లని మాకు ఆ పేరు. తెలియకుండా రాసినవాళ్ల చేతిలో ఆ పేరు ఇట్లా అయింది.

అంతా చీకటే అని నేను అనడం లేదు. విడిచిపెట్టిన మనుషుల వైపు ఒక విలేకరి నిజంగా తిరిగితే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. సుకన్య శాంత అనే జర్నలిస్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు ఎట్లా పంచుతున్నారో, ఒకప్పుడు నేరస్త తెగలని ముద్ర వేసిన వాళ్లను జైలు నియమాలు ఇంకా ఎట్లా చూస్తున్నాయో ఊరూరూ తిరిగి రాసింది. రాసి ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు పోయింది. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ జైలు నియమాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆమెది పక్షమే. అణగారినవాళ్ల పక్షం నిలబడి రాసింది. కానీ ఏ జైలు మాన్యువల్‌లో ఏ వాక్యం ఉందో చూపించింది. పక్షం ఉన్నంత మాత్రాన వార్త చెడిపోదు అని నేను అనేది ఇందుకే. కోర్టులో నిలబడిన వార్త అది.

తరగతి గదిలో దీన్ని ఎట్లా తేవాలి అని తోటి టీచర్లు అడుగుతారు. నేను చేసేది చిన్న పని. వారానికి ఒకరోజు రెండు పేపర్ల జిల్లా పేజీలు బల్ల మీద పరిచి, ఒకే వార్తను రెండింట్లో వెతకమంటాను. నాయకుల పేర్ల కింద ఒక రంగు, అధికారుల పేర్ల కింద ఒక రంగు, నష్టపోయిన మనిషి సొంతంగా మాట్లాడిన వాక్యం కింద ఇంకో రంగు గీయమంటాను. మూడో రంగు పెన్సిలు ఎప్పుడూ అరగదు. మదనపల్లె టమోటా వార్తలతో మొదలుపెడితే పిల్లలకు తొందరగా అంటుకుంటుంది, ఎందుకంటే మండీకి బాక్సులు మోసేది వాళ్ల అమ్మానాన్నలే. 2023 జూలైలో ధర ఆకాశానికి పోయినప్పుడు మొదటి పేజీలో వచ్చింది. ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన రోజున లోపలి పేజీలో ఫోటో వచ్చింది. రెండు రోజుల్లోనూ బాక్సు ఎత్తిన కూలీకి ఎంత ఇచ్చారో లేదు. ఇది పిల్లలే కనిపెడతారు, మనం చెప్పక్కర్లేదు.

ఫోన్లో వచ్చే ముక్కలకు కూడా ఇదే పెన్సిలు పనికొస్తుంది. అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. పేపరుకు అడ్రసు ఉంటుంది, తప్పు రాస్తే సవరణ వేయమని అడగవచ్చు. వీడియో ముక్కకు అడ్రసు ఉండదు. పేపర్లన్నీ అమ్ముడుపోయినాయి అనే కుర్రాడు, ఎవరు అమ్మారో కూడా తెలియని సరుకు కొంటున్నాడు.

చివరగా మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసు సంగతి. 2024 జూలై 21 రాత్రి అక్కడ మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. మరునాడు డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చి చూసి, ఇది ప్రమాదంలా లేదన్నారు. తర్వాత వారాల తరబడి ఒక వైపు పేపర్లలో మాజీ మంత్రి మనుషుల పేర్లు, ఇంకో వైపు పేపర్లలో కక్షసాధింపు. ఏది నిజమో విచారణ చేసేవాళ్లు తేల్చాలి, నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ ఆ రోజుల్లో భూముల కాగితాలు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడిన జనంలో మనవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావలసిన వార్త ఎవరు కాల్చారు అన్నది ఒక్కటే కాదు. నా డీకేటీ పట్టా ఫైలు ఉందా, పోయిందా? పోతే నకలు తహసీల్దారు దగ్గర దొరుకుతుందా? ఆ వార్త ఏ పేపరూ ఇంటికి తెచ్చి ఇవ్వదు. దానికి తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయాలి. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైన ఆఫీసులకు 10 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సర్వే నంబరు, పట్టా నంబరు, ఇచ్చిన సంవత్సరం స్పష్టంగా రాయండి. పదో తరగతి పిల్లలు వాళ్ల ఇళ్లకు ఇది రాసి పెట్టగలరు. మా బడిలో రాస్తున్నారు.